నున్నటి వైపు పైకి పెట్టిన పలకలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఒక అవమానానికి సిద్ధపడి రావాలి. మీరు కట్టిన గోడను దారిన పోయే ప్రతి మనిషీ వేలి మెటికలతో కొట్టి చూస్తాడు. కొట్టి, చెవి ఆనించి, మీ వైపు జాలిగా చూసి, "లోపల ఏం లేదా అన్నా?" అంటాడు. మీరు నవ్వాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నవ్వాను. ఇప్పుడు రిటైరయ్యాను కనుక జవాబు చెప్తాను.

లోపల ఉన్నది థర్మాకోల్. రెండు వైపులా ఇనుప జాలీ, ఆ జాలీ మీద తేలిక కాంక్రీటు పొరలు. సిమెంటు, ఫ్లై యాష్, ఇసుక, అందులో కొన్ని థర్మాకోల్ గింజలు కలిపితే తేలిక కాంక్రీటు అవుతుంది. మధ్యలో తెల్ల దిమ్మ, అటూ ఇటూ బూడిద రంగు పొర. మా యార్డులో దీన్ని పలక అనేవాళ్లం. కాగితాల్లో శాండ్‌విచ్ ప్యానెల్ అని రాసేవారు. ఆ పేరు విని మెదక్‌లో ఎవరికీ ఆకలి వేసినట్టు నేను చూడలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ అనేది. బడీ నేనూ విడిపోయాక నేను సున్నం, ఇసుక మోసి, తాపీ పట్టి, మేస్త్రీనయ్యాను. ఆ తర్వాత విఠల్ సేటు నన్ను పలకల యార్డులోకి లాక్కొచ్చాడు.

విఠల్ సేటుది సిమెంటు వ్యాపారం. దేశం తలుపులు తెరిచారు, బయటి సరుకు వస్తోంది అని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ తలుపులోంచి మా ఊరికి ముందుగా కలర్ టీవీలు వచ్చాయి. జనం టీవీని గూట్లో పెట్టుకుని, డబ్బాలో వచ్చిన థర్మాకోల్‌ను పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చారు. సేటు మాత్రం టీవీని వదిలేసి థర్మాకోల్ చూశాడు. పట్నంలో ఏదో ఎగ్జిబిషన్‌కు పోయి, చంకలో చిన్న పలక ముక్కతో తిరిగొచ్చి, "యాదగిరీ, గీ గోడని నువ్వొక్కడివే మోయొచ్చురా," అన్నాడు.

"గోడని మోసుడేంది సేటూ? గోడ కదా మనల్ని మోయాలె," అన్నాను.

ఆ మాటకు ఆయన నవ్వాడు. చేగుంట రోడ్డు మీద జాగా కొని, నన్ను అచ్చుల దగ్గర నిలబెట్టాడు.

టెలిఫోన్ డైరెక్టరీ పాఠం

పలకను పైకప్పుగా పరిస్తే ఏం జరుగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది సంధ్య మేడం. పట్నం నుంచి అప్పుడప్పుడూ వచ్చి మా పని చూసిపోయే ఇంజనీరు. పుస్తకాలు బాగా చదివింది, చదివింది నోటితో చెప్పడం కూడా వచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదు. అలాంటివాళ్లు దొరికితే టీ మీరే తెప్పించండి.

ఒకరోజు ఆఫీసులో ఉన్న పాత టెలిఫోన్ డైరెక్టరీ తీసి నా చేతిలో పెట్టింది.

"వంచుండ్రి యాదగిరన్నా."

వంచాను. మెత్తగా వంగింది.

"చివర్ల చూడుండ్రి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారినయ్. అందుకే వంగింది."

దాన్ని దూలానికి వేసినట్టు నాలుగైదు చోట్ల మేకులు దిగ్గొట్టించి మళ్లీ ఇచ్చింది. ఈసారి నా మోకాలు వంగింది గానీ పుస్తకం వంగలేదు.

పలక సంగతీ ఇంతే. మీద బరువు పడితే పైపొర నొక్కుకుపోతుంది, కిందిపొర సాగుతుంది. రెండూ ఒకే మాట మీద ఉంటే మందపాటి స్లాబులాగా పనిచేస్తాయి. మాట తప్పితే, ఎవరి దారిన వాళ్లు వంగే రెండు పల్చటి అప్పడాలు. థర్మాకోల్‌కు పెద్ద బలం లేదు. ఆ రెంటినీ దూరంగా నిలబెట్టడమే దాని పని. మాట మీద నిలబెట్టేది, థర్మాకోల్‌లోంచి ఏటవాలుగా దూసుకుపోయి రెండు జాలీలనూ పట్టుకునే తీగలు. అవి బయటికి కనిపించవు. కనిపించని వాటిని తక్కువ వేస్తే ఎవరికీ తెలియదని మీకు చెప్పేవాడు ఒకడు తప్పకుండా తగుల్తాడు. అతను మీ బాసే కావచ్చు.

ఇంకొక సంగతి. కప్పు పలకకు తలా తోకా ఉంటాయి. సాగేది కిందిపొర కనుక లావు జాలీ కింద, సన్న జాలీ పైన వేస్తాం. అచ్చులో ఇనుప రేకుకు ఆనుకుని తయారయ్యేది కిందివైపు, అందుకే అది అద్దంలా నున్నగా వస్తుంది. పైవైపు గరుకుగా ఉంటుంది, దాని మీద మళ్లీ గచ్చు పోయాలి కనుక. గరుకు వైపు ఎర్ర రంగుతో ఒక గుర్తు వేసేవాళ్లం. గుర్తు ఎప్పుడూ ఆకాశాన్ని చూడాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ముందు జరిగేది మీకు అర్థమవుతుంది.

చప్పుడు కోసం చేసిన పని

మొదట్లో మా పలకలు ఎవరూ కొనలేదు. కారణం చెప్పాను కదా, కొట్టి చూడడం. మా వైపు జనం కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా కొట్టి చూసే కొంటారు. ఎల్దుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మా మోడల్ గోడను కొట్టి, "గిది గోడనా, డోలా?" అని అడిగి పోయాడు.

సేటుకు రోషం వచ్చింది. మనిషి నిలబడి కొట్టే ఎత్తులో, పలక నడుమ థర్మాకోల్ కోసేసి అక్కడ గట్టి కాంక్రీటు నింపమన్నాడు. నింపాం. కొడితే రాతి గోడలా పలికింది. సేటు తానే పొద్దున్నా సాయంత్రం కొట్టుకుని మురిసిపోయాడు.

నింపేటప్పుడు థర్మాకోల్‌తో పాటు తీగలూ తెగాయి. పైగా నడుములో బరువు. గోడ పలకలు నిలబడే ఉంటాయి కనుక కొన్నాళ్లు ఏమీ కాలేదు. అదే తెలివి కప్పు పలకకూ చూపించాం. పట్టుకుని లేపగానే అందరి కళ్ల ముందే దాని నడుము విరిగింది. సంధ్య మేడం ఆ ముక్కలు చూసి సేటుతో, "సార్, మీరు పలకని చెవులకోసం చేసిన్రు. జర నడుముకోసం చేయుండ్రి," అంది.

ఆ రోజు నుంచి ఆ పని మానేశాం. కొట్టి చూసేవాళ్లు మాత్రం మానలేదు. చప్పుడు అబద్ధం చెప్పదని కాదు, చప్పుడును అడగాల్సిన ప్రశ్న వేరు. మంచి పలక ఎక్కడ కొట్టినా ఒకే రకంగా పలుకుతుంది. బోలుగా పలికినా పర్వాలేదు, చివరిదాకా అదే బోలు ఉండాలి. ఒకచోట ఒకలా, జానెడు జరిగితే ఇంకోలా పలికితే, లోపల పొర పట్టు వదిలిందేమోనని అనుమానించాలి.

ఎలక్ట్రీషియన్ల గురించి కూడా ఇక్కడే చెప్తాను. వాళ్లతో స్నేహంగా ఉండండి, చేతిలో కట్టర్ లేనప్పుడు. ఫ్యాను వైరు కోసం కప్పు కిందివైపు అడ్డంగా గాడి కొట్టడమంటే, లావు జాలీని వరసగా కోసుకుంటూ పోవడమే. వాళ్లకు ఆ పలక కూడా గోడలాంటిదే. చెప్పాల్సింది మనమే, అదీ వాళ్లు నిచ్చెన ఎక్కక ముందు.

టీచరమ్మ కప్పు

సుగుణ టీచరమ్మ ఇల్లు చర్చి వెనక గల్లీలో. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఇంటి ముందు గదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. చదువు ఆగిపోయిన పిల్లలే ఎక్కువ. ఆ గది మీద పాత గూన పెంకల కప్పు ఉండేది. ఒక వానాకాలం అది సగం కూలింది. ఎండాకాలం రాగానే మిగతా సగం ఆమే దింపించేసింది. రాయి, మట్టి పెట్టి కట్టిన పాత గోడలు. వాటి మీద మామూలు స్లాబు పోస్తే గోడలు మోయలేవని ముగ్గురు మేస్త్రీలు చేతులెత్తేశారు. అప్పుడు మా దగ్గరికి వచ్చింది. కొట్టి చూడకుండా ఆర్డరిచ్చిన మొదటి మనిషి.

"వానలకు ముందు కప్పు పడాలె యాదగిరీ. మిషన్లు తాట్‌పత్రి కింద ఉన్నయ్. తడిస్తే తుప్పు. నెల రోజులు ఇంట్ల కూసున్నరంటే గీ పిల్లలు మళ్ల రారు, పెండ్లిళ్లు చేసి పంపిస్తరు," అంది.

పలకలు పోశాం, గట్టిపడడానికి నీళ్లు కట్టాం, లారీ ఎక్కించాం. తెలంగాణ కోసం రోడ్లన్నీ ఉడుకుతున్న రోజులు. ఆ పొద్దున ఊరి మొదట్లోనే రాస్తా రోకో. లారీ ఆగిపోయింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు మొదలుపెట్టారు. పాటలు పాడేవాళ్లు, ఆడేవాళ్లు వచ్చారు గానీ స్టేజీ రాలేదు. స్టేజీ సామాను తెచ్చే బండి కూడా ఎక్కడో ఇంకో రాస్తా రోకోలో ఇరుక్కుంది. మల్లేశం అని అక్కడి కుర్రాళ్లకు పెద్ద. టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. వాడి చూపు మా లారీ మీద పడింది.

నాకు డ్రైవర్ ఖాజా ఫోన్ చేశాడు.

"యాదన్నా, పలకలు దించుతున్నరు."

"ఎవలు? ఎందుకు?"

"స్టేజీకట. నేను వద్దన్న. నువ్వు తెలంగాణకు ఎదురా అని అడిగిన్రు. నేనేం జెప్పాలె?"

నేను స్కూటర్ మీద పోయేసరికి ఇటుకల వరసల మీద పలకలు పరిచేశారు. వాటి మీద గజ్జెలు కట్టుకుని పదిమంది ఎగురుతున్నారు, పక్కన డప్పులు. జనం ఈలలు. చూడగానే నాకు గర్వమే కలిగింది, దాచను. డోలు అన్నారు కదా, ఇప్పుడు చూడండి అనుకుని చప్పట్లు కొట్టాను. పాట అయ్యాక దగ్గరికి పోయి చూశాను. ఎర్ర గుర్తు ఎక్కడా కనబడలేదు.

"మల్లేశం, గీ పలకలు ఉల్టా పెట్టిన్రు కదరా," అన్నాను.

"గరుకుగున్నది అన్నా. కాళ్లు గీసుకపోతయని నున్నటిది పైకి పెట్టినం," అన్నాడు.

బూట్లతో ఉపన్యాసం ఇచ్చే నాయకులైతే గరుకు వైపే పెట్టేవాళ్లేమో. ఆడేవాళ్ల పాదాల మీద దయతో పలకను తలకిందులు చేశారు. లావు జాలీ మీదికి పోయింది, సన్న జాలీ కిందికొచ్చింది. సాగే పని సన్నదానికి పడింది. అదీ నిలబడి ఉన్న బరువు కాదు, పదిమందీ ఒకే తాళానికి ఎగిరి దూకే బరువు.

తిరిగి లేచేది, లేవనిది

మర్నాడు రోడ్డు తెరిచారు. పలకలు యార్డుకే తెప్పించాను. అప్పటికే ఊరంతా ఒకటే మాట. పదిమంది ఎగిరితే విరగలేదు, ఇనుము లెక్క ఉన్నయ్. ఎన్నడూ రానివాళ్లు రేటు అడగడానికి వచ్చారు. సేటు నేల మీద నడవడం లేదు.

టీచరమ్మ కూడా వచ్చింది. "నా కప్పు మీద ఊరంతా ఆడింది యాదగిరీ. ఇగ నాకేం భయం? రేపే పెట్టియ్యి," అంది.

నేను పలకల మీద మెటికలతో కొట్టుకుంటూ పోయాను. చివర ఒక రకం చప్పుడు, నడుమకు వచ్చేసరికి ఇంకో రకం. గరుకు వైపు తడిపి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు. పొడిగా ఉంటే ఆ గరుకులో దేవుడికి కూడా కనబడవు.

"ఇవి కప్పుకు వద్దు సేటూ," అన్నాను.

సేటు తెలివైనవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఉల్టా ఉన్నప్పుడు పగిలింది గరుకు వైపు. ఇప్పుడు సీదా పెడితే అది పైకొస్తది, పైపొర నొక్కుకుంటదని మీ మేడమే చెప్పె. నొక్కుకుంటే పగులు మూసుకుంటది. మరి నీకేంది పరేషాన్?"

ఆ మాట తప్పులా లేదు, ఒప్పులా లేదు. బస్సులు ఇంకా నడవడం లేదు కనుక మేడం రాలేదు. ఫోన్ చేసి సేటు మాట యథాతథంగా చెప్పాను.

"సారు చెప్పింది సగం కరెక్టే," అంది. "పగుళ్లు మూసుకుంటయ్. కానీ లోపలి తీగలు, పొరల పట్టు వదిలితే అవి మూసుకోవు. డైరెక్టరీ మేకులు ఊడినట్టే. గది వెడల్పంత ఎడంగా ఇటుకల మీద పెట్టి, బరువెయ్యుండ్రి. ఒక రోజు ఉంచి తీసెయ్యుండ్రి. ఎంత వంగిందని కాదన్నా, ఎంత తిరిగి లేచిందో చూడుండ్రి. పక్కన కొత్త పలకకూ అట్లనే చేయుండ్రి."

టీచరమ్మ కళ్ల ముందే చేశాం. ఎర్ర గుర్తు పైకి పెట్టి, ఆడిన పలక ఒకటి, ఆడని పలక ఒకటి పక్కపక్కన పరిచాం. రెండింటి కిందా మేకులకు కట్టి నైలాన్ దారం బిగించాం, పలకకు తగలకుండా బెత్తెడు కిందుగా. కొలవడానికి నేను మేస్త్రీ టేపు తీస్తే టీచరమ్మ ఆపింది.

"నీ టేపు మీద అంకెలన్నీ అరిగినయ్. గిదాంతో కొలువు," అని సంచిలోంచి తన కుట్టు టేపు తీసింది. తర్వాత నన్నూ నమ్మక తనే వంగి కొలిచింది.

సిమెంటు బస్తాలు రెంటి మీదా సమానంగా పేర్చాం. రెండూ వంగాయి. ఆడినది కాస్త ఎక్కువే వంగింది, కానీ విరగలేదు.

"చూసినవా, మోస్తుంది కదా!" అన్నాడు సేటు.

మర్నాడు బస్తాలు దించేశాం. కాసేపు ఆగి టీచరమ్మ మళ్లీ కొలిచింది. కొత్త పలక దాదాపు మొదటి చోటికి లేచింది. ఆడిన పలక కింద టేపు పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ పెట్టి చూసింది. వంగిన దాంట్లో సగం అలాగే ఉండిపోయింది. బరువు దిగినా పలకకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

 టీచరమ్మ నడుము నిటారు చేసి లేచింది.

"లంగా ఎలాస్టిక్ లెక్క సాగిపోయింది కదయ్యా," అంది. "గిట్లాంటిది నేను పిల్లలకు కుట్టియ్య."

సేటు గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, కొత్తయి పొయ్యాలంటే సిమెంటు లారీలు రావాలె, మళ్ల నీళ్లు కట్టాలె. వానలొస్తయ్. నీ మిషన్లు..."

"ఎరుకే సేటూ. గా సంగతే ఆలోచిస్తున్న."

ఆమె తల ఎత్తి మా షెడ్డు కప్పు వైపు చూసింది. సేటు కూడా ఆమె చూసేవైపు చూశాడు. చూశాక ఆయన మొహం మారింది.

"వద్దు టీచరమ్మా," అన్నాడు, ఆమె ఇంకా ఏమీ అడగకముందే.

షెడ్డులో

ఆ నెల మా షెడ్డులో ఒక సగం అచ్చులు, ఒక సగం కుట్టు మిషన్లు. మిషన్లను మోసుకొచ్చింది మల్లేశమూ వాడి మనుషులే. టీచరమ్మ వాడిని ఏమీ అనలేదు. "పాదాలు గీసుకపోలే కదరా?" అని మాత్రం అడిగింది. వాడు తల ఎత్తకుండా మోసి, మర్నాడు కూడా వచ్చి, సిమెంటు లారీని దారి పొడవునా ఏ రోకోలోనూ ఆగకుండా తెచ్చాడు.

ఆడపిల్లలు సిమెంటు దుమ్ము పడకుండా పాత చీరలు అడ్డం కట్టుకుని కుట్టేవాళ్లు. మా కూలీల చిరిగిన చొక్కాలన్నీ ఆ నెలలో బాగయ్యాయి. సేటు పొద్దున్నే వచ్చి విసుక్కునేవాడు, సాయంత్రం తన ఇంటి పరదాల బట్ట తెచ్చి ఇచ్చేవాడు. ఒక్క పిల్ల కూడా రావడం మానలేదు. నాకు తెలిసి ఆ కప్పు కథలో అసలు లెక్క ఇదొక్కటే.

వానలు ముందే పడ్డాయి. కొత్త పలకలు వాన నీళ్లతోనే గట్టిపడ్డాయి. ఎర్ర గుర్తులు ఆకాశం వైపు పెట్టి కప్పు వేశాం, పలకల మధ్య కీళ్లు నింపాం, మీద గచ్చు పోశాం. ఆడిన పలకలను మేడం చెప్పినట్టు యార్డు ప్రహరీగా నిలబెట్టాం. నిలబడితే వంగే పని లేదు, మీద మోసేదీ లేదు. తర్వాత తెలంగాణ వచ్చిన రోజున మల్లేశం వాళ్లు ఆ గోడ దగ్గరే స్వీట్లు పంచారు. ఒకడు గోడను మెటికతో కొట్టి, "లోపల ఏం లేదా?" అన్నాడు. "మీ పాటలున్నయ్ రా," అన్నాను. వాడికి అర్థం కాలేదు. నేను మళ్లీ నవ్వాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది పెద్దగా లేదు. ఒకరోజు మోసిందని ఎవరైనా చెప్తే, దించాక ఏమైందో అడగండి. చప్పట్లు కొట్టేటప్పుడు ఒక కన్ను ఎర్ర గుర్తు మీద ఉంచండి. మీకు తెలియనిది ఫోన్ చేసి అడగండి, సేటు వింటున్నా సరే.

టీచరమ్మ గది అలాగే ఉంది. మొన్న పోయినప్పుడు పైకి చూస్తే, కప్పుకు బెత్తెడు కిందుగా ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించిన దారం. కప్పు వేసిన వారంలోనే కట్టిందట. ప్రతి వానాకాలం కాగానే స్టూలు ఎక్కించి ఒక పిల్లతో కొలిపిస్తుంది.

"ఇంకా నమ్మకం కుదరలేదా టీచరమ్మా?" అన్నాను.

"పలకల మీద ఉన్నది యాదగిరీ. నీ మీదనే లేదు," అంది మిషన్ మీంచి తల ఎత్తకుండా.

దారం పాతబడి తెగినప్పుడల్లా మారుస్తుందట. కప్పు మార్చాల్సిన పని ఇంకా పడలేదు.